కంప్రెసర్ లేని ఫ్రిజ్

నా చేత్తో ఒక్క కోడిని కూడా కోసి ఎరగను. మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ మా మేనమామదే. ఈకలు పీకే దగ్గరికైనా నేను పోయేవాణ్ణి కాదు. ఇంత మెత్తని మనిషిని, జెద్దాలో ఒక గురువారం మధ్యాహ్నం, ఇంకా అన్నమైనా తినకముందే, ఒక టార్చిలైటూ ఒక పాతగుడ్డా చేతపట్టుకుని కొన్ని లక్షల ప్రాణాలు తీశాను. పోలీసులు రాలేదు. వచ్చినా వాళ్ళకు శవాలు కనబడేవి కావు, ఎందుకంటే నేను చంపినవి మనిషి కాలేయపు కణాలు. ఇందులో అన్నిటికంటే సిగ్గుచేటు విషయం ముందే చెప్పేస్తాను. నేను వాటిని కాపాడుదామనే వెళ్ళాను.

మాది కోరుట్ల. ఏసీ, ఫ్రిజ్ పని నేర్చుకుని సౌదీకి వచ్చాను. వచ్చాక నాలుగేళ్ళు హెల్పర్‌ని, అంటే ఇంకొకరి నిచ్చెన మోసేవాణ్ణి. ఆ వారమే నన్ను టెక్నీషియన్ చేశారు. కొత్త యూనిఫాం ఇచ్చారు, సొంత పనిముట్ల సంచీ ఇచ్చారు, మెడలో వేసుకోదగినంత ముద్దొచ్చే మల్టీమీటర్ ఒకటి ఇచ్చారు. దాన్ని మొదటిరోజు పక్కలో పెట్టుకుని పడుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, కొత్త మెకానిక్ అంతకన్నా ప్రమాదం. వాడికి చెడిపోయినవి చాలవు, బాగున్నవి కూడా కావాలి.

మా కంపెనీ మమ్మల్ని ఒక పరిశోధన సంస్థ భవనంలో మెయింటెనెన్స్‌కు పెట్టింది. రెండో అంతస్తులో డాక్టర్ హనాన్ గారి ల్యాబ్ ఉంది. ఆవిడ జెద్దా మనిషే. సన్నగా, నెమ్మదిగా, మాట అవసరమైతేనే మాట్లాడే రకం. యాత్రికుల ఊరిలో పెరిగినందువల్ల ఆవిడకు హిందీ కొంత వచ్చు, నాకు ఇంగ్లీషు ముక్కలు వచ్చు, ఆ రెంటి మధ్యా మా సంభాషణ ఎలాగో నడిచేది. ఇక్కడ మీకోసం దాన్ని తెలుగు చేసి చెబుతున్నాను.

ఆ ల్యాబ్ నుంచి కంప్లైంట్ వచ్చింది. ఫ్రిజ్ గడగడమంటోందట. తామంతా మధ్యాహ్నపు దుహర్ నమాజుకూ ఆ తరువాత భోజనానికీ వెళ్ళినప్పుడు వచ్చి చూసిపొమ్మని కబురు. గార్డు తలుపు తీసి, తానూ నమాజుకు వెళ్ళిపోయాడు. చూద్దును కదా, ఫ్రిజ్ కాలు ఒకటి పొట్టిది. కాలు రెండు చుట్లు తిప్పాను. గడగడ ఆగింది. మొత్తం రెండు నిమిషాల పని. పది కిలోల సంచీ మోసుకొచ్చింది ఈ రెండు చుట్లకా అని నాకు ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు చూశాను, పక్కనే ఇంకో తెల్లని పెట్టె. తలుపు ఉంది, పిడి ఉంది, తలుపు మీద అంకెలు ఉన్నాయి. ఆ అంకెలు ముప్పై ఏడు!

మీరు నా స్థానంలో ఉండి చూడాలి. బయట నలభై రెండు డిగ్రీల ఎండ. ఈ దేశంలో చల్లదనం తప్పితే పాలు విరుగుతాయి, మందులు పాడవుతాయి, మనిషి కూడా సాయంత్రానికి వాసన వస్తాడు. నాకు పని నేర్పిన ఉస్తాద్ ఒక్కటే మాట చెప్పేవాడు, తలుపు తీసినప్పుడు చేతికి చలి తగలకపోతే ఆ పాపం మెకానిక్‌దేనని. లోపల ముప్పై ఏడు ఉంటే అది ఫ్రిజ్ ఎలా అవుతుంది? ఐదు డిగ్రీల చల్లదనానికి కరెంటు ఎందుకు, గోడ నీడ చాలదా? పాపం ఈ డాక్టర్లు పుస్తకాల్లో తలలు దూర్చి చూసుకోలేదనుకున్నాను.

నన్నెవరూ అడగలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేను తరువాత చాలాసార్లు గుర్తుపెట్టుకున్నాను.

తలుపు తీశాను. మొహానికి వెచ్చగా ఆవిరి కొట్టింది. లోపల ఇంకో గాజు తలుపు. దాని వెనక పన్నెండు చదును సీసాలు, పడుకోబెట్టి ఉన్నాయి. వాటిలో గులాబీ షర్బత్ లాంటిదేదో పలచగా ఉంది. అన్నిటికంటే కింద తట్టలో నీళ్ళు. ఆహా, లీకేజీ అనుకున్నాను. పెట్టెను కొంచెం ముందుకు లాగి, వెనక టార్చి వేసి చూశాను. కంప్రెసర్ లేదు. మళ్ళీ చూశాను. కింద కూడా లేదు. ఎవడో దొంగ వెధవ ఊడబీక్కుని పోయాడు. ఇంకా వెతికితే, గోడకు గొలుసుతో కట్టిన గ్యాస్ సిలిండరు ఒకటి, దాని నుంచి సన్నని గొట్టం నేరుగా ఈ పెట్టెలోకి. అంటే గ్యాస్ నింపుతూ నింపుతూ మధ్యలో వదిలేసి కూడా పోయారు! ఏ కాంట్రాక్టు వాళ్ళ పనో గానీ, వృత్తి ధర్మం ఇంత దిగజారిందా అని నాకు నిజంగా బాధ కలిగింది.

ఇక ఆగలేదు. స్విచ్ ఆపాను. సిలిండరు వాల్వు మూసేశాను. తట్టలో నీళ్ళు పారబోసి పాతగుడ్డతో తళతళలాడేలా తుడిచాను. ఆ పన్నెండు సీసాలనూ రెండేసి చొప్పున, పురిటి బిడ్డల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, నేను బాగుచేసిన ఫ్రిజ్‌లో, నాలుగు డిగ్రీల చక్కని చల్లదనంలో పడుకోబెట్టాను. తలుపు వేస్తూ, ఇక మీకు భయం లేదని మనసులో అన్నాను కూడా.

తరువాత వర్క్ ఆర్డర్ కాగితం మీద పెద్దక్షరాల ఇంగ్లీషులో రిపోర్టు రాశాను. "కంప్రెసర్ నాట్ దేర్. గ్యాస్ ఫిల్లింగ్ హాఫ్ స్టాప్. వాటర్ లీకేజ్ క్లీన్. ఆల్ మెటీరియల్ షిఫ్ట్ గుడ్ ఫ్రిజ్. ప్రాబ్లమ్ ఫినిష్." కింద రాజేందర్ అని సంతకం, సంతకం కింద రెండు గీతలు. ఆ కాగితాన్ని డాక్టర్ గారి బల్ల మీద, కళ్ళు మూసుకుని వచ్చినా కనబడేలా పెట్టి, ఈలవేసుకుంటూ కిందికి దిగాను. ఆవిడ ముదీర్‌కు, అంటే ఆ సంస్థ పెద్ద అధికారికి, నా గురించి ఏమని రాస్తుందో, మా పెద్ద మేనేజరు నన్ను ఏమని పిలుస్తాడో, మెట్లమీదే అన్నీ ఊహించుకున్నాను.

దారిలో కింది అంతస్తులో ఇంకో ఏసీ పని ముగించుకుని వర్క్‌షాప్‌కు చేరేసరికి గంటన్నర అయ్యింది. అక్కడ మల్లేశం అన్న అప్పుడే టిఫిన్ విప్పుతున్నాడు. మెట్‌పల్లి మనిషి, మా ప్లంబరు, నాకంటే పదేళ్ళు పెద్ద. నేనూ డబ్బా విప్పి, తీరిగ్గా సగం అన్నం తిని, ఆ తరువాత నా ఘనకార్యం మొదలుపెట్టాను. గొప్పలు ఖాళీ కడుపుతో చెప్పుకుంటే రుచించవు కదా.

"అన్నా, ఇయ్యాల ఒక దొంగతనం పట్టిన."

"ఏం దొంగతనం రా?"

"మీద డాక్టరమ్మ ఫ్రిజ్‌ల కంప్రెసర్ ఎవడో గుంజుకపోయిండు. లోపట ముప్పై ఏడు చూపెడ్తున్నది."

మల్లేశం అన్న పప్పు కలుపుకుంటూ, "ముప్పై ఏడేనా, ఇటూ అటూ అయితున్నదా?" అని అడిగాడు.

"ముప్పై ఏడు పాయింట్ సున్న. కదుల్తలేదు."

"కదలనిది చెడిపోయింది ఎట్లయితది రా? చెడిపోయింది గడియకో తీరుగ చూపెడ్తది."

ఈ ప్రశ్న నాకు ఎందుకు తట్టలేదో ఇవాళ్టికీ నాకు తెలీదు. ఆయన నెమ్మదిగా ఇంకో ప్రశ్న వేశాడు. "కింద తట్టల నీళ్లున్నయా?"

"ఉండె. లీకేజి. తుడిచిన."

ఆయన చేతిలోని ముద్ద డబ్బాలోకి జారింది. మల్లేశం అన్న సౌదీకి రాకముందు కరీంనగర్ దగ్గర కోళ్ళ హాచరీలో ఆరేళ్ళు పనిచేశాడు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ సంగతి నా పీకకు చుట్టుకుంటుందని తెలీదు.

"రాజిగా, అది ఫ్రిజ్ కాదు రా. ముప్పై ఏడు మీద గుడ్లు పెట్టి, తడి ఆరకుంట నీళ్లు పెట్టి, ఇరువై ఒక్క రోజు కండ్లల్ల ఒత్తులేసుకొని కూసున్నోన్ని నేను. అది పొదుగుడు పెట్టె. నువ్వు కోడి కిందికెళ్లి గుడ్లు గుంజి ఫ్రిజ్‌ల పెట్టొచ్చినవ్."

"అండ్ల గుడ్లు లేవన్నా. షర్బత్ సీసలున్నయ్."

"అంత చదువుకున్నామె షర్బత్‌ను పొదుగుతదా?"

డబ్బా పక్కకు నెట్టేశాను. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. నేను ఏ నాలుకకూ జబ్బు లేకుండానే మందు వేసి వచ్చాను. లిఫ్టు కోసం ఆగకుండా ఇద్దరం మెట్లెక్కి పరిగెత్తాం. గార్డు ఏమైందని అడిగితే ఎయిర్‌కండిషన్ అన్నాను. సౌదీలో ఆ ఒక్క మాటకు అన్ని తలుపులూ తెరుచుకుంటాయి.

సెలవులకు ముందురోజు కాబట్టి భోజనాలు సాగినట్టున్నాయి, ల్యాబ్‌లో ఇంకా ఎవరూ రాలేదు. నేను సీసాలను చలిలో పెట్టి అప్పటికి రెండు గంటలు. ఒక్కొక్కటీ ఐసు ముక్కలా ఉంది. అన్నిటినీ మళ్ళీ పెట్టెలోకి చేర్చాను. స్విచ్ వేశాను, సిలిండరు తిప్పాను, వరండాలోని కూలరు నుంచి తాగేనీళ్ళు తెచ్చి తట్టలో పోశాను. అది ఇంకో ఘోరమని తరువాత తెలిసింది, ఆ తట్టలో సూక్ష్మక్రిములు లేని నీళ్ళు తప్ప పోయకూడదట. తలుపు మీద అంకెలు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది అంటూ ముసలి ఎద్దులా ఎక్కుతున్నాయి.

బల్ల మీద నా రిపోర్టు, రెండు గీతల సంతకంతో, నన్నే చూస్తోంది.

"చింపెయ్," అన్నాడు మల్లేశం అన్న. "ఆమె సీసలు ఆమె పెట్టెలనే ఉన్నయ్. ఎవ్వలకు ఎరుక? ఖల్లీవల్లీ, పోతే పోనీ అనుకొని కిందికి నడువు. నాలుగేండ్లు నిచ్చెన మోసి ఇప్పుడు పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టిచ్చుకొని ఇంటికి పోతవా?"

కాగితం తీసుకున్నాను. రెండు చేతులతో పట్టుకున్నాను కూడా. అబద్ధం ఎందుకు, చింపాలనే ఉంది. టెక్నీషియన్ అయ్యి ఇంకా ఆరు రోజులు నిండలేదు. ఇంటికి ఫోన్‌చేసి చెప్పి మూడు రోజులే అయ్యింది. నాకెందుకు నోట్లోకి వచ్చిందో గానీ ఆయన్ను అడిగాను.

"మీ హాచరీల ఎన్నడన్న గిట్లయిందా అన్నా?"

మల్లేశం అన్న కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. "ఒకసారి కరెంటు పోయింది. జనరేటర్ ఎయ్యవల్సినోన్ని నేనే, లేటయింది. ఎవ్వలకు చెప్పలే. ఆ తాప గుడ్లు చానా మురిగిపోయినయ్. కోళ్లది తప్పన్నరు. కోళ్లన్నీ అమ్మేసిండ్రు." మళ్ళీ ఆగి, "మంచి కోళ్లు రా," అన్నాడు.

ఇక ఆ కాగితం చినగలేదు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని డాక్టర్ హనాన్ గారు వచ్చారు. నేను ఆ కాగితం ఆవిడ చేతికిచ్చాను.

ఆవిడ చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. పెదవులు కొంచెం వణికాయి. అది ఏడుపో నవ్వో నాకు అర్థం కాలేదు. గుడ్ ఫ్రిజ్ అంటే ఏదని అడిగారు. చూపించాను. ఎంతసేపని అడిగారు. రెండు గంటలని చెప్పాను. తాగేనీళ్ళ సంగతి ఆవిడ అడగకపోయినా చెప్పాను. మునిగాక చలేమిటి!

ఆవిడ చేతిలోని సంచీ అయినా దించకుండా మైక్రోస్కోపు ముందు కూర్చున్నారు. పన్నెండు సీసాలూ ఒక్కొక్కటే చూశారు. ఆ గదిలో అంత నిశ్శబ్దాన్ని నేను ఏ కంప్రెసర్ ఆగినప్పుడూ వినలేదు. చివరకు నన్ను పిలిచి చూడమన్నారు. ముందు నా కనురెప్పే నాకు కనబడింది. ఆ తరువాత గుండ్రంగా, ముడుచుకుపోయి, చలిలో దుప్పటి దొరకని మనుషుల్లా కొన్ని కనబడ్డాయి. కొన్ని పట్టు వదిలేసి నీళ్ళలో తేలుతున్నాయి.

అవేమిటో ఆవిడే చెప్పారు. మనిషి తిన్నదాన్నీ తాగినదాన్నీ మింగిన మాత్రనూ విరగ్గొట్టి సర్దేది కాలేయం. అది ఆ పని ఎలా చేస్తుందో చూడాలంటే బతికున్న మనిషి కడుపు కోసి చూడలేం కదా. అందుకని కణాలను బయటే, మనిషి ఒంట్లో ఉండే వెచ్చదనంలోనే, ఇరవై అయిదు రోజులు పెంచి కాలేయపు కణాలుగా తయారు చేస్తారు. మరి ఆ సిలిండరులోది కూడా వాటి కోసమేనట, అవి బతికే నీటిలో పులుపు ఎక్కువా తక్కువా కాకుండా సరిగ్గా ఉండటానికి. ఈ పన్నెండు సీసాలు అలా తయారైనవి. ఆదివారం వాటిలో ఒక కొత్త మందు వేసి, కాలేయం దాన్ని తట్టుకుంటుందా లేదా అని చూడాలి.

"ఇందులో కొన్ని బతకవచ్చు," అన్నారు. "కానీ ఇక వేటినీ నమ్మలేను. మళ్ళీ మొదలుపెట్టాలి."

ఇరవై అయిదు రోజులు! నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. సంచీలోంచి మల్టీమీటర్ తీసి బల్ల మీద పెట్టాను, ఎవరో అడిగినట్టు. ఎగ్జిట్ కొట్టించినా నాకు ఒప్పుదలేనని చెప్పాను. ఆవిడ ఆ మల్టీమీటర్‌ను వింతగా చూసి, ఒక ప్రశ్న అడిగారు.

"నువ్వు ఈ కాగితం చింపేసి వెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో తెలుసా?"

తెలీదన్నాను.

"నేను ఈ రోజు వీటిని చూసేదాన్ని కాదు. ఆదివారం మందు వేసేదాన్ని. అన్నీ చచ్చేవి. మందు విషమని రాసేదాన్ని."

వెనక తలుపు దగ్గర నిలబడ్డ మల్లేశం అన్నకు హిందీ బాగా వచ్చు. ఆయన తలవంచుకున్నాడు.

తెల్లారి శుక్రవారం, ఆ తరువాత శనివారం, రెండు సెలవు రోజులూ నేను ఇంటికి పోవడానికి బట్టల పెట్టె సర్దుకుంటూనే ఉన్నాను. ఆదివారం ఆవిడ ముదీర్‌కు ఉత్తరం రాశారని తెలిసింది. అయిపోయిందనుకున్నాను. ముదీర్ పిలిచి ఆ ఉత్తరం చదివి వినిపించాడు. ఇక మీదట రెండో అంతస్తు ల్యాబ్‌లోకి మెయింటెనెన్స్‌కు రాజేందర్ తప్ప ఇంకెవరూ రాకూడదట. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అని మల్లేశం అన్న అన్నాడు. నాకు మాత్రం ఆవిడ లెక్క అర్థమైంది. ఒకసారి తప్పుచేసి చెప్పినవాడు మళ్ళీ చేసినా చెబుతాడు.

కొత్త కణాలకు విత్తనం తీసినరోజు నన్నూ పిలిచారు. పొగలుకక్కే పెద్ద డబ్బా మూత తీసి, చేతికి మందపాటి గ్లౌజులు వేసుకుని, చిన్న గొట్టం ఒకటి పైకి తీశారు. అందులో చలి ఎంతంటే సున్నాకు కింద నూట తొంభై ఆరు డిగ్రీలట. అంత చలిలో ఏళ్ళ తరబడి నిద్రపోతాయట, వెచ్చబెడితే లేస్తాయట! మీరే చెప్పండి, నూట తొంభై ఆరును ఓర్చుకున్న మహానుభావులు నా నాలుగు డిగ్రీల ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉండలేకపోయారా? ఇదేం న్యాయమని అడిగేశాను. గడ్డకట్టే ముందు వాటికి రక్షణగా మందు కలుపుతామని, పద్ధతిగా నిద్రపుచ్చడం వేరు, నిద్రపోనివాణ్ణి బావిలో తోయడం వేరని డాక్టర్ గారు చెప్పారు. ఆ తరువాత నేను న్యాయం మాట ఎత్తలేదు.

ఇరవై అయిదు రోజులు ఆ పెట్టెను నేను కాచినట్టు మా అమ్మ నన్ను కూడా కాచి ఉండదు. పొద్దున వెళ్ళగానే అంకె చూసేవాణ్ణి. సిలిండరు ముల్లు చూసేవాణ్ణి. తట్టలో నీళ్ళు తగ్గితే డాక్టర్ గారికి చెప్పేవాణ్ణి, ముట్టుకునేవాణ్ణి కాదు. మధ్యాహ్నం మల్లేశం అన్నకు రిపోర్టు. "ముప్పై ఏడేనా?" అని అడిగేవాడు. ముప్పై ఏడే అనేవాణ్ణి. అప్పుడు గాని ఆయన ముద్ద కలిపేవాడు కాదు.

ఇరవై ఆరో రోజు డాక్టర్ గారు మళ్ళీ మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు. ఈసారి ముడుచుకున్నది ఒక్కటీ లేదు. తేనెపట్టులో గదుల్లా ఒకదాన్నొకటి ఆనుకుని, ఖాళీ లేకుండా పరుచుకున్నాయి. కొన్నింటి మధ్యలో ఒకటి కాదు, రెండేసి చుక్కలు, అవి కణాల కేంద్రకాలట. గదికీ గదికీ నడుమ సన్నని మెరిసే గీతలు. కాలేయంలో పైత్యరసం పారే కాలువలు అలాగే ఉంటాయని చెప్పారు. ఒళ్ళు లేదు, రక్తం లేదు, మనిషి లేడు, కాలేయం మాత్రం తన పని తాను చేసుకుపోతోంది! నేను ఎన్నో పెట్టెలు బాగుచేశాను గానీ, ఒక పెట్టెలోపల ఏముందో చూసి ఛాతీ ఉప్పొంగడం అదే మొదలు.

"వీటిని కాసింది నువ్వే," అన్నారు డాక్టర్ గారు.

మందు వేశారు. మూడు రోజులు మాకు అన్నం సయించలేదు. నాలుగోరోజు ఆవిడే వర్క్‌షాప్‌కు వచ్చారు, డాక్టర్లు ఎవరూ రాని చోటికి. కణాలు మందును చక్కగా విరగ్గొట్టాయని, వాటికేమీ కాలేదని చెప్పారు. ఇంకా చాలా పరీక్షలున్నాయట, కానీ ఈ మెట్టు దాటిందట. అందులో నాది అంకె చూసే పనే కావచ్చు. అయినా ఆ సాయంత్రం ఇంటికి ఫోన్‌చేసి, మేం ఒక మందును గెలిపించామని చెప్పాను. మేం అనే అన్నాను.

ఆవిడ వెళ్ళాక మల్లేశం అన్న చాలాసేపు డబ్బా మూత తుడిచి, "మంచి మందు రా," అన్నాడు.

ఇదంతా జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పుడు ఆ ల్యాబ్‌లో అలాంటి పెట్టెలు ఆరున్నాయి, ఆరూ నా చేతిలోనే ఉన్నాయి. వాటి పైన గోడకు గాజు ఫ్రేములో ఒక కాగితం వేలాడుతోంది. కంప్రెసర్ నాట్ దేర్ నుంచి ప్రాబ్లమ్ ఫినిష్ దాకా, రెండు గీతల సంతకంతో సహా, నేను రాసిందే. కొత్తగా చేరిన పిల్లలకు డాక్టర్ గారు మొదటి పాఠం దాంతోనే మొదలుపెడతారు. ఈ పెట్టె చూస్తే ఏమనిపిస్తోందని అడుగుతారు. ఫ్రిజ్ అంటారు వాళ్ళు. అప్పుడు ఆవిడ ఫ్రేము వైపు చెయ్యి చూపిస్తారు. వాళ్ళు దాని ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. మా వంశంలో ఎవరి చేతిరాతా ఇంతమంది చదువుకున్నవాళ్ళు చదవలేదు. సిగ్గుపడదామని ఎన్నోసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

మొన్న ఆ ఫ్రేము మేకు వదులై పక్కకు ఒరిగింది. కంప్లైంట్ వచ్చింది. రాజేందర్ వచ్చి రాజేందర్ కాగితాన్ని సరిచెయ్యాలి! వెళ్ళి, మేకు బిగించి, ఫ్రేము నిటారుగా నిలబెట్టి, అలవాటు చొప్పున వర్క్ ఆర్డర్ తీశాను. కాబట్టి, ఇక్కడిదాకా చదివిన మీ అందరి సాక్షిగా, ఇంకా నా మల్టీమీటర్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చల్లగా లేనంత మాత్రాన ఈ జన్మలో దేన్నీ చెడిపోయిందనను. కంప్రెసర్ కనబడకపోతే దొంగ కోసం వెతకను. ఎవరూ అడగని రిపేరు చెయ్యను. అందుకే మొన్న ఆ వర్క్ ఆర్డర్ కాగితం మీద 'ప్రాబ్లమ్' అని రాసి, అక్కడే పెన్ను ఆపి, ఫినిష్ అయ్యిందో లేదో డాక్టర్ గారు వచ్చి చెప్పేదాకా చేతులు కట్టుకుని తలుపు దగ్గరే నిలబడ్డాను.